బయటివాడైతే ఉరి, మనవాడైతే అప్పీలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరు. పేరు రాయడం లేదు. రాస్తే ఆ అమ్మాయి ఎవరో చుట్టుపక్కల పది ఊళ్లకూ తెలిసిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు, మా మనసూ ఒప్పుకోదు. ఊళ్లోవాళ్లకు మాత్రం ఈ మొహమాటం ఉన్నట్టు లేదు. గత ఆదివారం హైవే మలుపు నుంచి రామమందిరం దాకా బైకుల ర్యాలీ తీశారు. ముందు డప్పులు, వెనక ట్రాక్టరు మీద డీజే. గజమాల వేసుకుని జీపులో నిలబడి అటూ ఇటూ దండాలు పెడుతున్న మనిషి విశాఖ సెంట్రల్ జైలు నుంచి వస్తున్నాడు. అత్యాచారం కేసులో పదేళ్ల శిక్ష పడినవాడు. హైకోర్టులో అప్పీలు వేసుకున్నాడు, అది తేలేదాకా శిక్ష అమలు ఆపి బెయిల్ ఇచ్చారు. జరిగింది ఇంతే.

బడి ప్రహరీకీ కరెంటు స్తంభానికీ మధ్య కట్టిన ఫ్లెక్సీ చూస్తే మాత్రం ఇంతే అనిపించదు. ‘కడిగిన ముత్యంలా తిరిగొచ్చిన మా అన్నకు స్వాగతం సుస్వాగతం’ అని రాశారు. పైన వరసగా నాయకుల ఫొటోలు, కింద చేతులు జోడించిన కుర్రాళ్ల ఫొటోలు ఓ ఇరవై. నాయకుల ఫొటోల్లో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. తాగునీటి ట్యాంకు ఎక్కడ కట్టాలన్న దానిమీద ఆరేళ్లుగా కలవని ఈ రెండు వర్గాలు ఒకే ఫ్లెక్సీ మీద కలిశాయి.

కడిగిన ముత్యమట. ఎవరు కడిగారు? ఏ కోర్టు కడిగింది?

శిక్ష అమలు నిలిపివేయడం వేరు, దోషి అన్న తీర్పు కొట్టేయడం వేరు. క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 430వ సెక్షన్, అంటే దాని పాత రూపం సీఆర్పీసీలో 389, కింద అప్పీలు తేలేదాకా శిక్షను ఆపమని అడగొచ్చు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇచ్చాకే కోర్టు ఆ విడుదల గురించి ఆలోచించాలి. ఇచ్చిన బెయిల్‌ను రద్దు చేయమని ప్రాసిక్యూటర్ తర్వాతైనా అడగొచ్చు. ఇందులో ఎక్కడా ‘ఇతను నేరం చేయలేదు’ అన్న మాట లేదు. సెషన్స్ జడ్జి సాక్షులను కళ్లారా చూసి, ఆ అమ్మాయి మాట విని, ఇతను దోషి అని రాసిన తీర్పు ఈ ఉదయానికి కూడా చెక్కుచెదరలేదు. జీపులో ఊరేగినవాడు చట్టం దృష్టిలో ఇప్పటికీ దోషే. జైలు బయట ఉన్న దోషి.

ఊళ్లో మా విలేకరి ఇదే అడిగితే అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన అన్న మాట ఇది: ‘ఏటి బాబూ, పెద్దకోర్టే ఒగ్గేసింది గదా, మజ్జిన మీకేటి?’ ఆయన్ని తప్పుపట్టలేం. ఊళ్లో కనిపించే చట్టం అదే మరి. జైలుకెళ్లాడు, తిరిగొచ్చాడు, దండ వేశారు. ఫ్లెక్సీలో ఫొటోలు వేయించుకున్న నాయకులకు మాత్రం తేడా బాగా తెలుసు. అందులో ఒకరు ప్లీడరు కూడా.

హైకోర్టు ఉత్తర్వును మేం తప్పుపట్టడం లేదు. అప్పీలు హక్కు. ఎంత ఘోరం చేశాడని తేలినవాడికైనా ఆ హక్కు ఉండాల్సిందే. కింది కోర్టులు పొరపాటు పడతాయి. మన రాష్ట్రంలోనే 2007లో ఒక విద్యార్థిని మీద అత్యాచారం, హత్య జరిగిన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు ఎవరూ మరిచిపోలేదు. ఒక పేద యువకుడికి 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. అప్పీలే లేకపోతే అతని బతుకు జైల్లోనే తెల్లారిపోయేది. అప్పీళ్లు ఏళ్ల తరబడి తేలనప్పుడు మనిషిని లోపలే ఉంచడం అన్యాయమనే వాదనలోనూ పస ఉంది. ఒప్పుకుంటాం.

ఒప్పుకున్నాక అసలు సంగతికి వద్దాం. అదే నాయకులు, అదే కుర్రాళ్లు. 2019 నవంబరు చివర్లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం కోట దాకా కొవ్వొత్తులు వెలగని వీధి లేదంటే అతిశయోక్తి కాదేమో. ‘నడిరోడ్డు మీద ఉరి తీయాలి’ అన్నారు. డిసెంబరు 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. ఆ వారంలోనే మన అసెంబ్లీలో అభినందనలు వినిపించాయి. ఆ నలుగురికీ అప్పీలు మాట దేవుడెరుగు, విచారణే లేదు. 2022లో, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ మీద పోలీసులు చెప్పిన కథను నమ్మలేమని చెప్పింది. అప్పుడు ‘చట్టం తన పని తాను చేసుకోవాలి కదా, హక్కులుంటాయి కదా’ అన్నవాణ్ణి మన టీకొట్టు దగ్గర కొట్టినంత పని చేశారు.

ఇప్పుడు అదే టీకొట్టు దగ్గర అందరూ రాజ్యాంగ పండితులైపోయారు. ‘అప్పీలు పెండింగులో ఉంది. తీర్పు తుదిది కాదు. హక్కులుంటాయి.’ ఇంత చక్కగా ఎప్పుడు నేర్చుకున్నారు? బయటివాడైతే ఉరి, మనవాడైతే అప్పీలు. చెరువు కౌలుకు పాడుకునేవాడైతే, ఎన్నికలప్పుడు డబ్బు పంచేవాడైతే, మన కులంవాడైతే అప్పీలు. లారీ క్లీనరైతే ఎన్‌కౌంటర్. ఈ రెండు నాలుకల వ్యవహారం మీదే మా అభ్యంతరమంతా.

మన దగ్గరే అనుకోనక్కర్లేదు. గుజరాత్‌లో సామూహిక అత్యాచారం, హత్యల కేసులో యావజ్జీవం పడిన 11 మందిని 2022 ఆగస్టు 15న ముందుగానే వదిలేస్తే దండలు వేసి మిఠాయిలు తినిపించారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదల చెల్లదని కొట్టేసి, రెండు వారాల్లో లొంగిపోమంది. ఉత్తరప్రదేశ్‌లో మైనరు బాలిక మీద అత్యాచారం జరిగిన ఉన్నావ్ కేసులో మాజీ ఎమ్మెల్యే కుల్‌దీప్ సెంగర్‌కు 2019 డిసెంబరులో యావజ్జీవం పడింది. ఆ అప్పీలు ఏళ్లు గడిచినా తేలలేదు గానీ, 2025 డిసెంబరు 23న ఢిల్లీ హైకోర్టు శిక్షను ఆపింది. ఎమ్మెల్యే అనేవాడు, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం లెక్కలో, పబ్లిక్ సర్వెంట్ కాడన్నది అందుకు చెప్పిన ఒక కారణం. ఆ అమ్మాయి రోడ్డెక్కాల్సి వచ్చింది. వారం తిరక్కుండా, డిసెంబరు 29న, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. వంశధార ఒడ్డున ఉన్న ఊరి కేసును ఢిల్లీలో ఎవరు చూస్తారు?

అసలు అత్యాచారం కేసుల్లో అప్పీలు ఏళ్ల తరబడి నడవాలని ఎక్కడా లేదు. 2018లో చట్టాన్ని సవరించి, అత్యాచారం సెక్షన్ల కింద పడిన శిక్ష మీద వచ్చిన అప్పీలును దాఖలైన రోజు నుంచి ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. కొత్త సంహితలో అది 415వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్. ఆరు నెలలు. ఇది మేం కల్పించిన గడువు కాదు, పార్లమెంటు పెట్టింది. ఆ గడువు నిజంగా అమలైతే ‘అప్పీలు తేలేదాకా లోపలే కుళ్లిపోవాలా’ అన్న ప్రశ్నే రాదు. పైన చెప్పిన హాస్టల్ కేసులో నిర్దోషి శిక్ష పడ్డాక ఆరున్నరేళ్లు జైల్లో ఉన్నాడు. మన ఊరి దోషి కొన్ని నెలలకే జీపెక్కాడు. అప్పీలు నానితే నిర్దోషికీ నష్టమే, బాధితురాలికీ నష్టమే. లాభం ఎవరికో ఫ్లెక్సీ చూస్తే తెలుస్తుంది.

2019లో మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసినప్పుడు 21 పనిదినాల్లో తీర్పు అన్నారు. పేజీల కొద్దీ ప్రకటనలు ఇచ్చారు (మా పత్రికకూ వచ్చాయి, దాచడం దేనికి). ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రానేలేదు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ఎగతాళి చేశారు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు గానీ, ఎగతాళి చేసినవాళ్లు గానీ, చట్టంలో ఉన్న ఆ ఆరు నెలల గడువు గురించి ఏ వేదిక మీదైనా ఒక్క మాట అన్నారా? మాకైతే వినపడలేదు. తీర్పు రోజున మైకు ముందుకు వచ్చినవాళ్లలో అప్పీలు రోజున కోర్టు వరండాలో కనిపించేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ వరండా ఎంత దూరమో కూడా చెప్పుకోవాలి. ఆ కుటుంబానికి హైకోర్టు అంటే ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి, తెల్లారి విజయవాడలో దిగి, బస్సు పట్టుకుని నేలపాడు చేరడం. మనిషికి రెండు రోజుల కూలీ పోతుంది. దోషికి అక్కడ పేరున్న లాయరు ఉన్నాడు. వీళ్లకున్నది పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆఫీసు, ఆ ఆఫీసు వీళ్లకు ఫోన్ చేస్తే. చేయలేదని తల్లి చెబుతోంది. బెయిల్ వచ్చిందన్న కబురు ఆమెకు డీజే మోతతో తెలిసింది. వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతోందట. ఏ అమ్మవారి సంబరమో అనుకుందట. పాట ఆగాక అరుపుల్లో ఆ పేరు వినపడింది. చేట అక్కడే వదిలేసి లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. అమ్మాయి ఆ సమయానికి ఊళ్లో లేదు, అది ఒక్కటే అదృష్టం. చదువు మానేసి చుట్టాలింట్లో ఉంటోంది. ఎక్కడో మేం రాయం.

విచారణ ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని 2022 ఏప్రిల్‌లో, రైతుల మీదికి వాహనం ఎక్కించారన్న లఖింపూర్ ఖేరీ కేసులో, సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వినడానికి ముందు చెప్పాలి కదా. ఈ కేసులో ప్రాసిక్యూషన్ రాతపూర్వకంగా అభ్యంతరం (కౌంటర్) వేసిందా? వేస్తే అందులో ఏముంది? కేసు నడుస్తుండగా రాజీకి రమ్మని పెద్దమనుషులు మూడుసార్లు ఇంటికొచ్చారని తల్లి విచారణలోనే చెప్పింది. ఆ సంగతి హైకోర్టు ముందు పెట్టారా? అత్యాచారం కేసులో రాజీ కుదరదని సుప్రీంకోర్టు 2015లోనే తేల్చేసింది. అయినా మన ఊళ్లలో పెద్దమనుషులకు ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు. ర్యాలీలో జీపు వెనక నడిచినవాళ్లలో ఆ పెద్దమనుషులూ ఉన్నారు. సాక్షులున్న వీధిలోంచి డప్పులు కొట్టుకుంటూ వెళ్లడం బెదిరింపు కాకపోతే ఏమిటి? బెయిల్ రద్దు కోరడానికి ఇంతకన్నా ఏం కావాలో ప్రాసిక్యూటర్ గారే చెప్పాలి.

అప్పీలు హక్కు ఒక్కవైపే లేదన్నదీ గుర్తుచేయాలి. కింది కోర్టు వదిలేస్తే, తక్కువ సెక్షన్ కింద సరిపెడితే, అప్పీలుకు వెళ్లే హక్కును 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకూ ఇచ్చారు. మన పక్కనే విశాఖ మన్యంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో 11 మంది కోందు గిరిజన ఆడవాళ్లు తమ మీద పోలీసులు అత్యాచారం చేశారని చెబితే, 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ వదిలేసింది. దర్యాప్తు చేసిన అధికారుల తీరును అదే తీర్పు తప్పుపట్టింది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో ‘వాళ్ల హక్కులు’ అంటూ మన నాయకుల్లో ఎంతమంది కొండెక్కారు? హక్కుల మాట ఎక్కేది జీపే గానీ కొండ కాదు.

రేపు ఇదే అలవాటవుతుంది. ఒక ఊళ్లో ఊరేగితే పక్క ఊళ్లో ఇంకా పెద్ద డీజే పెడతారు. కేసు పెడదామని స్టేషన్ గుమ్మం దాకా వచ్చిన తల్లికి, ‘ఏమవుద్దమ్మా, రేప్పొద్దున దండేసి తెస్తారు’ అని స్టేషన్ బయటే ఎవరో ఒకరు చెబుతారు. పదేళ్ల శిక్ష పడిన కేసుకే ఈ గతి అయితే, ఇక ఫిర్యాదుకు ఎవరొస్తారు?

ఎమ్మెల్యే గారూ, ఆ ఫ్లెక్సీలో మీ ఫొటో ఉంది. మీకు తెలియకుండా వేశారని మీ పీఏ ఫోన్‌లో చెప్పారు. సరే. తెలిసి ఐదు రోజులైంది కదా. ప్రతిపక్ష నాయకుడు గారూ, మీ ఫొటో ఆయనకు కుడిపక్కన, కాస్త చిన్నగా ఉంది. మీ అభ్యంతరం ఫొటో సైజు మీదేనా? నిన్న రాత్రి పేజీలు మూసేవేళకు మా విలేకరి మళ్లీ ఫోన్ చేశాడు. ఫ్లెక్సీ అలాగే ఉందట. ఒక మూల గాలికి చిరిగితే ఎవరో కొత్త తాడుతో బిగించి కట్టారట. అనుమతి ఇవ్వలేదని పంచాయతీ కార్యదర్శి అంటున్నారు. ఇవ్వనప్పుడు తీయించడానికి ఎవరి సంతకం కావాలి సార్? సోమవారం బడి తెరుస్తారు. పిల్లలు దాని కిందనుంచే లోపలికెళ్లాలి.