కూరల కవరుకు జరిమానా, చెత్త కవరుకు ఆఫరా?

ఆకుకూరలు అమ్ముకునే మనిషి గంపలోంచి పల్చటి కవర్ల కట్ట లాక్కుంటారు. చలానా రాస్తారు. పట్టుకున్న కవర్లు కుప్ప పోసి ఫొటో దిగుతారు. ప్లాస్టిక్ మీద మన మున్సిపాలిటీల యుద్ధం చాలా ఊళ్లలో ఇక్కడితో సరి. అదే వీధి చివర సూపర్‌మార్కెట్లో, ఫినాయిల్ సీసాల పక్కన, నల్ల చెత్త కవర్ల రోల్స్ వరసగా పేర్చి ఉంటాయి. రెండు కొంటే ఒకటి ఉచితం అని పైన బోర్డు. అటువైపు ఏ అధికారీ తొంగిచూడడు. కూరలు మోసుకొచ్చి, ఇంట్లో మరో రెండు పనులకు వచ్చే కవరు నేరమైంది. ఒక్క రాత్రి బుట్టలో ఉండి పొద్దున్నే చెత్త బండి ఎక్కడం తప్ప వేరే పనే లేని కవరు పరిశుభ్రతకు గుర్తయింది. ఈ రెండు నాలుకల ధోరణి గురించి గట్టిగా మాట్లాడాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

పల్చటి కవర్లను వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. అవి మురుగు కాలవలకు అడ్డం పడతాయి, పశువుల కడుపులో చేరతాయి. వాటిపై నిషేధం ఉండాల్సిందే. అపార్ట్‌మెంట్లలో తడి చెత్త కారి కంపు కొట్టకుండా చెత్త కవర్లు అవసరమేననే వాదన కూడా ఉంది. ఉండనివ్వండి. కానీ ఒక కవరుకు జరిమానా, ఇంకో కవరుకు ఆఫరా?

చట్టం ఎలా ఉందో చూడండి. క్యారీ బ్యాగు మందం 1999లో కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2011లో 40 చేశారు, 2016లో 50 చేశారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఇరవై మూడేళ్లలో ఆరు రెట్లు. దాని మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం ముద్రించాలని కూడా నిబంధన పెట్టారు. అదీ ఇంగ్లిష్‌లో. సంతలో అమ్ముకునేవాళ్లలో ఎంతమంది చదవగలరో ఆలోచించినవాళ్లు లేరు. ఇంత పకడ్బందీగా రాసిన నిబంధనల్లో క్యారీ బ్యాగుకు ఇచ్చిన నిర్వచనం మాత్రం సరుకులు మోయడానికో అందించడానికో వాడే, చేత్తో పట్టుకునే వీలున్న సంచి దగ్గర ఆగిపోయింది. చెత్త సరుకు కాదు కదా! అందుకని చెత్త కవరు ఆ 120 మైక్రాన్ల గీత కిందికి రాకుండా జారిపోయింది. రోల్ కొని ఒక కవరు చింపి వేళ్ల మధ్య పట్టుకోండి. గోరు తగిలితే చిరుగుతుంది. ప్యాకెట్ మీద సైజు ఉంటుంది, ఎన్ని కవర్లున్నాయో ఉంటుంది. మందం ఎంతో రాయని ప్యాకెట్లు కొల్లలు. ఇదే పల్చదనం తోపుడు బండి మీద కనిపిస్తే చలానా పడుతుంది.

మందం పెంచడంలో ఒక తర్కం ఉంది. మందంగా ఉంటే ధర పెరుగుతుంది, ధర పెరిగితే జనం దాచుకుని మళ్లీ మళ్లీ వాడతారు, బయట పారేసినా ఏరుకునేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ 50 మైక్రాన్ల నుంచి 120కి వెళ్లామంటే అదే సైజు సంచిలో దాదాపు రెండున్నర రెట్ల ప్లాస్టిక్ చేరిందని అర్థం. దాన్ని మళ్లీ వాడితేనే లాభం. ఒకసారి వాడి పారేస్తే మునుపటికంటే నష్టం. మళ్లీ వాడే అలవాటును ఎవరు ప్రోత్సహిస్తున్నారు? బిల్లింగ్ కౌంటర్ దగ్గర 'బ్యాగ్ కావాలా సార్' అని అడిగే దుకాణాలా? ఇంటి నుంచి సంచి తెచ్చుకున్నవాళ్లను గేటు దగ్గరే ఆపి, ఆ సంచికి జిప్ టై బిగించే దుకాణాలు కూడా ఉన్నాయి. సామాన్లు కొన్నాక దాన్ని విప్పించుకోవడానికి మళ్లీ కౌంటర్ చుట్టూ తిరగాలి. ఆ టెన్షన్ ఎందుకని చాలామంది పది రూపాయలు పారేసి కొత్త సంచి కొనుక్కుంటున్నారు. సంచి తెచ్చుకున్నవాడిని దొంగలా చూసి, తెచ్చుకోనివాడికి సంచి అమ్మి, పైగా ఇదంతా పర్యావరణం కోసమని గోడ మీద బోర్డు పెట్టడం ఏం న్యాయం?

ఆ డబ్బు ఎటు పోతోందో కూడా అడగాలి. క్యారీ బ్యాగు ఉచితంగా ఇవ్వకూడదని 2011 నిబంధనల్లో రాశారు. 2016లో, బ్యాగులు ఇచ్చే దుకాణాలు స్థానిక సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకుని ఏడాదికి కనీసం 48 వేల రూపాయలు కట్టాలన్నారు. ఆ సొమ్ము చెత్త నిర్వహణకు వాడాలన్నది ఉద్దేశం. 2018లో ఆ నిబంధనను మొత్తంగా ఎత్తేశారు. స్థానిక సంస్థకు రావాల్సిన ఆదాయం పోయింది. కస్టమర్ దగ్గర వసూలు మాత్రం ఆగలేదు. ముందుగా చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచికి డబ్బు అడగడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చిచెప్పింది. దుకాణాలు ఏం చేశాయి? గేటు దగ్గర చిన్న బోర్డు పెట్టి చేతులు దులుపుకున్నాయి.

ఆ సంచుల్లో ఎక్కువ భాగం జనం గుడ్డ సంచి అనుకుంటున్నవే. అది గుడ్డ కాదు. నాన్‌ఓవెన్ అంటారు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ దారాలను వేడితో అతికించిన రేకు. రెండు కిలోల ఉల్లిపాయలు, నూనె ప్యాకెట్లు వేసి నాలుగుసార్లు మోస్తే పట్టీ అతికిన చోట ఊడిపోతుంది. పోనీ చెత్తబుట్టలో పరుద్దామంటే నీళ్లు కిందికి కారిపోతాయి. మోయడానికీ నిలవని, బుట్టకూ పనికిరాని సంచిని పర్యావరణం పేరుతో అంటగడుతున్నారు. ఒకప్పుడు మన బట్టల షాపుల వాళ్లు ఇచ్చిన దళసరి చేతిసంచులు, వైర్లతో అల్లిన బుట్టలు ఇప్పటికీ ఎన్నో ఇళ్లల్లో సంతకు వెళ్తున్నాయి.

అసలు పొదుపు ఎవరికి నేర్పుతున్నారు వీళ్లు? తెలుగింటి వంటింట్లోకి వెళ్లి చూడండి. తలుపు వెనక మేకుకు కవర్లతో నిండిన ఒక కవరు వేలాడుతుంటుంది. ముడి పడితే కత్తిరించరు, ఓపిగ్గా గోటితో విప్పుతారు. తడిసిన కవరును కడిగి బట్టల తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేస్తారు. మందంగా ఉన్నవి మళ్లీ బజారుకు, చిల్లులు పడినవి చెత్తబుట్టకు. పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పాత సామాన్ల అతనికి వేస్తారు. 26 కిలోల బియ్యం సంచి ఖాళీ అయితే అది నెలల తరబడి పొడి చెత్త సంచి. ఆ సంచిని బండి దగ్గర దులిపి మళ్లీ తెచ్చుకుంటారే తప్ప బండిలో పడెయ్యరు. ఇదంతా ఏ స్వచ్ఛ ప్రచారం చూసి నేర్చుకున్నది కాదు, చేతికి వచ్చిన వస్తువును ఊరికే పారేయబుద్ధి కాని మనుషుల పద్ధతి. అలాంటి ఇల్లాలికి ప్లాస్టిక్ గురించి శ్రీరంగ నీతులు చెబుతూ, అదే నోటితో చెత్త కవర్లు కొనుక్కోమనడాన్ని ఏమనాలి?

చెత్తబుట్టకు కొనుక్కునే కవరు అవసరమే లేదని ఎంతోమంది రోజూ నిరూపిస్తున్నారు. పొడి చెత్త బుట్టలో ఏదీ పరవక్కర్లేదు. కాగితాలు, డబ్బాలు, అట్టపెట్టెలకు లైనర్ ఎందుకు? తడి చెత్తకు పాత పేపరు చాలు. రెండు షీట్లు అడ్డంగా, రెండు నిలువుగా పరిచి, అంచులు బుట్ట పైకి మడిస్తే ఒక రోజు కూరల తొక్కలకు సరిపోతుంది. టీపొడి, గిన్నెలు కడిగినప్పుడు వచ్చిన మెతుకులు, మిగిలిపోయిన చారు నేరుగా వెయ్యకుండా ముందు జాలీలో నీరు వార్చాలి. కంపుకు అసలు కారణం ఆ నీరే. బుట్టను కడిగి ఎండలో బోర్లిస్తే వాసన పోతుంది. పేపరుతో సహా ఎరువు గుంటలో వేసెయ్యొచ్చు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు మాత్రం విడిగా పేపర్లో చుట్టి వేరే ఇవ్వాలి. వాటికి ఇంట్లో మిగిలిన కవరు వాడితే తప్పేమీ లేదు.

కవర్లను కొరతపెట్టి చెత్త కవర్లను వదిలేస్తే ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు. మనవాళ్లు లక్షల్లో ఉన్న కాలిఫోర్నియాలోనే జరిగింది. అక్కడ నగరాలు ఒక్కొక్కటిగా దుకాణాల కవర్లను నిషేధించినప్పుడు ఏం జరిగిందో ఆర్థికవేత్త రెబెక్కా టేలర్ లెక్క తీసి 2019లో ప్రచురించారు. కవర్ల రూపంలో ఏడాదికి 4 కోట్ల పౌండ్ల ప్లాస్టిక్ తగ్గింది. కొనుక్కునే చెత్త కవర్ల రూపంలో 1.2 కోట్ల పౌండ్లు పెరిగింది. చిన్న సైజు చెత్త కవర్ల అమ్మకాలు 120 శాతం ఎగబాకాయి. అప్పటిదాకా దుకాణం కవరునే బుట్టలో పరుచుకున్నవాళ్లు, అది రావడం ఆగిపోయాక రోల్ కొనడం మొదలుపెట్టారు. నిషేధం వల్ల లాభమే లేదని దీని అర్థం కాదు. వచ్చిన లాభంలో మూడో వంతుకు దగ్గరగా వెనకదారిన పోయిందని అర్థం. మన దగ్గర ఆ వెనకదారి బార్లా తెరిచే ఉంది.

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఇంకో లెక్క వేసింది. వాతావరణాన్ని వేడెక్కించే ఉద్గారాల పరంగా చూస్తే, ఒకసారి వాడి పారేసే పల్చటి కవరుతో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలట. ఆ పల్చటి కవర్లన్నిటినీ జనం చెత్తబుట్టలో లైనర్‌గా మళ్లీ వాడుతున్నారనుకుంటే 327 సార్లు. కాలవలో ఇరుక్కున్న కవరు, ఆవు మింగిన కవరు ఈ లెక్కలో లేవు, ఆ మాట మరిచిపోకూడదు. కానీ ఉన్న వస్తువును రెండోసారి వాడటానికి ఎంత విలువుందో ఆ రెండు అంకెల మధ్య తేడా చెబుతోంది. కాన్ఫరెన్సు పేరుతో ఒకటి, పెళ్లి పేరుతో ఒకటి, బ్యాంకు పేరుతో ఒకటి పంచే కొత్త నూలు సంచులు బీరువా అడుగున పడి ఉంటే ఎవరికి మేలు?

ఇక చెత్త కవరుకు ముడి వేశాక జరిగేది చూడాలి. పళ్ల తొక్కలు, మిగిలిన అన్నం, గాజు పెంకు అన్నీ ఒకే నల్ల కవరులో ముడి పడి బండెక్కుతాయి. లోపల ఏముందో బయటికి కనిపించదు. యార్డులో దాన్ని చించాల్సింది పారిశుద్ధ్య కార్మికుల చేతులే. చించేవాళ్లు లేకపోతే అది అలాగే హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ చెత్త గుట్టలోనో, ఇంకో ఊరి గుట్టలోనో చేరుతుంది. లోపలి తడి చెత్త ఎరువు కాదు, బయటి ప్లాస్టిక్ రీసైకిల్ కాదు. రోడ్డు పక్కన పడితే అన్నం వాసనకు పశువు కవరుతో సహా మింగుతుంది. ఆవుల కడుపుల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీసి, ఆ గోడును 2012లో సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది మన పుట్టపర్తిలోని జంతు సంరక్షణ సంస్థ కరుణ సొసైటీయే. ఆవు కూరల కవరుకూ చెత్త కవరుకూ తేడా చూడదు. ఆ తేడా చూస్తున్నది ప్రభుత్వాలే.

హైదరాబాద్‌లో ఇంటికి రెండు బుట్టలిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో మూడేసి బుట్టలు పంచారు. ఇప్పుడు అక్కడ నెలకో శనివారం స్వచ్ఛాంధ్ర జరుపుతున్నారు. ఆ బుట్టల్లో ఏం పరవాలో, ఏం పరవకూడదో చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. పైగా కొన్ని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు చెత్తను నల్ల కవర్లోనే కట్టి తలుపు బయట పెట్టాలని నోటీసులు అంటిస్తున్నాయి. తడి, పొడి చెత్త విడిగా ఇవ్వాలన్న ఘన వ్యర్థాల నిబంధనలకు ఇది పూర్తి విరుద్ధం. మున్సిపల్ అధికారులకు ఈ నోటీసులు కనిపించవు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, వాళ్ల ప్రతాపమంతా కూరగాయల గంప మీదే.

కవరు కావాల్సిందే అనుకునేవాళ్లకు దారి లేకపోలేదు. తిరుమల లడ్డూలకు మొక్కజొన్న పిండి పదార్థంతో చేసిన సంచులను రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2021 ఆగస్టులోనే కొండ మీదికి తెచ్చింది. కంపోస్ట్ అయ్యే సంచులకు ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణం ఉంది, వాటికి మందం నిబంధన మినహాయింపూ ఉంది. చెత్త కవరు అమ్మాలంటే అది కంపోస్ట్ అయ్యేదైనా కావాలి, లేదా మందం నిబంధనకైనా లోబడాలని నిర్వచనంలో ఒక వాక్యం చేర్చడానికి కేంద్ర పర్యావరణ శాఖకు ఎన్నేళ్లు కావాలి? 20 మైక్రాన్ల నుంచి 120కి మందం పెంచుకుంటూ పోయిన శాఖకు ఈ కన్నం కనిపించలేదంటే నమ్మడం కష్టం. అప్పటిదాకా రాష్ట్ర ప్రభుత్వాలు, నగరపాలక సంస్థలు చూస్తూ కూర్చోనక్కర్లేదు. నల్ల కవరులో కట్టిన కలగాపులగం చెత్తను బండి ఎక్కించుకోవద్దని సిబ్బందికి చెప్పొచ్చు. సొంత సంచి తెచ్చిన కస్టమర్‌ను ఇబ్బంది పెట్టే దుకాణాలకు నోటీసులివ్వొచ్చు. ఇందుకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

తోపుడు బండి దగ్గరికి ఈసారి బయల్దేరే తనిఖీ బృందం ముందు సూపర్‌మార్కెట్లోకి వెళ్లాలి. ఫినాయిల్ సీసాల పక్కనున్న రోల్ తీసి, దీని మందమెంత అని మేనేజర్ని అడగాలి. అడిగే ధైర్యం లేకపోతే గంపలో చెయ్యి పెట్టే హక్కు కూడా ఆ బృందానికి లేదు.