అత్తెసరు మార్కుల విప్లవం

విప్లవం రావాలంటే పరిస్థితులు పక్వానికి రావాలంటారు. కజకిస్తాన్‌లో అంత శ్రమ అక్కర్లేదు. 7 శాతం ఓట్లు వస్తే సరిపోయేది. పార్లమెంటు గుమ్మం దాటడానికి చాలా ఏళ్లపాటు అక్కడ కటాఫ్ అదే. దాన్ని అంచుమీద దాటిన కమ్యూనిస్ట్ పీపుల్స్ పార్టీ కథ ఇది.

అసలు కమ్యూనిస్టు పార్టీ ఒకటి ముందునుంచీ ఉండేది. దాని నాయకుడు అబ్దిల్దిన్ 1999లో అప్పటి దేశాధ్యక్షుడు నజర్‌బాయెవ్ మీద పోటీ చేసి రెండో స్థానంలో నిలిచాడు. అంటే, ఓట్లు తెచ్చుకునే దురలవాటు ఉన్న మనిషన్నమాట. ఇలాంటివాళ్లతో వేగలేక కాబోలు, 2004లో కోసరెవ్, మరికొందరు కామ్రేడ్లు బయటికొచ్చి కమ్యూనిస్ట్ పీపుల్స్ పార్టీ పెట్టుకున్నారు.

కొత్త పార్టీకి 2007 పార్లమెంటు ఎన్నికల్లో వచ్చింది 1.29 శాతం. తర్వాత 2011లో కోర్టు పాత పార్టీకి 6 నెలలు తాళం వేసింది. మూడు నెలలకే, 2012 జనవరిలో ఎన్నికలు. కొత్త పార్టీకి 7.19 శాతం, 7 సీట్లు! 2016లో 7.14, మళ్లీ అవే 7 సీట్లు. అత్తెసరు మార్కులని వెక్కిరించకండి. గురివింద గింజలతో బంగారం తూచే కంసాలికి కూడా ఇంత నిక్కచ్చి చెయ్యి ఉండదు. ఈలోగా 2015లో, చట్టం అడిగిన 40 వేలమంది సభ్యులు లేరని పాత పార్టీని మొత్తానికే రద్దు చేశారు.

అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో కొత్త పార్టీ తరఫున సిజ్దికోవ్ నిలబడి 1.61 శాతం తెచ్చుకున్నాడు. నజర్‌బాయెవ్‌కి 97.75. ఇన్ని ఓట్లు పడ్డందుకు ఆయనే క్షమాపణ చెప్పుకుని, తాను జోక్యం చేసుకుని తగ్గిస్తే ప్రజాస్వామ్యం అనిపించుకోదు కదా అని వాపోయాడు. పెద్దమనిషి! ఒకప్పుడు సోవియట్ కజకిస్తాన్ పార్టీకి మొదటి కార్యదర్శి కూడా ఆయనే.

అక్కడ పోటీ చేయడమంటే ఏమిటో తెలియాలంటే మెల్స్ ఎలెయుసిజోవ్‌ని చూడాలి. ఈ పార్టీవాడు కాదు, పర్యావరణవాది. మెల్స్ అంటే మార్క్స్, ఎంగెల్స్, లెనిన్, స్టాలిన్‌ల పొడి అక్షరాలు. 2011లో అధ్యక్ష పదవికి పోటీ చేసి, పోలింగ్ బూత్ దగ్గర విలేకరులతో తన ఓటు నజర్‌బాయెవ్‌కే వేశానన్నాడు.

2020లో మన కొత్త పార్టీ తన పేరులోంచి ‘కమ్యూనిస్ట్’ తీసేసింది. రెండు నెలల్లో వచ్చిన పార్లమెంటు ఎన్నికల్లో 9.10 శాతం, 10 సీట్లు. ఒక్క మాట వదిలేస్తే మూడు సీట్లు కలిసొస్తాయని మార్క్స్‌కి తట్టలేదు.

2023లో మాత్రం 6.80కి జారింది. పాత లెక్కన ఫెయిలే. కానీ రెండేళ్ల ముందే కటాఫ్‌ని 5కి దించేశారు.