రెట్రో నైట్ అన్నాక మద్యనిషేధం ఉండాలి కదా

చరిత్రని వక్రీకరిస్తున్నారని ఈ దేశంలో రోజూ ఎవరో ఒకరు ఎవరి మీదో కేసు వేస్తూనే ఉంటారు, కానీ మన హైదరాబాద్‌లో శనివారం రాత్రి ఫుల్ సౌండ్‌తో, ఏసీలో, కవర్ ఛార్జి కూడా తీసుకుని చేస్తున్న వక్రీకరణ గురించి మాత్రం ఒక్కడూ నోరు మెదపట్లేదు. అందుకని బాధ్యత గల పౌరుడిగా నేనే మెదుపుతున్నా. మొన్న శనివారం ఒక పబ్‌లో 'నైంటీస్ నైట్' అంటే వెళ్ళొచ్చాం. పబ్ పేరు చెప్పను, ఎందుకంటే నా గొడవ ఒక పబ్‌తో కాదు, మొత్తం దశాబ్దానికి జరిగిన అన్యాయంతో.

మేం అంటే మా 1994 టెన్త్ బ్యాచ్. ప్రతి ఏడూ ఫంక్షన్ హాల్లో కలుసుకోడం, మాస్టార్లకి శాలువాలు కప్పడం, ఒకడు స్టేజ్ ఎక్కి ఏడవడం, తర్వాత పప్పు బావుందా లేదా అని వాట్సాప్ గ్రూపులో నెల రోజులు చర్చ, ఇదీ మా కార్యక్రమం. ఈసారి అమెరికా నుంచి వచ్చినోడు "ఏదైనా డిఫరెంట్‌గా చేద్దాంరా" అన్నాడు. మా బ్యాంకు మేనేజరు ఇన్‌స్టాలో ఈ నైంటీస్ నైట్ పోస్టర్ చూపించాడు, కాసెట్ బొమ్మ, పక్కన పెన్సిల్ బొమ్మ. ఇంక ఆగుతామా, ఆరుగురం ఇస్త్రీ చొక్కాలు టక్ చేసుకుని బయల్దేరాం.

గేటు దగ్గర బౌన్సర్ ఆపేశాడు. "స్టాగ్ ఎంట్రీ లేదు సర్, ఓన్లీ కపుల్స్, లేదా లేడీస్ ఉన్న గ్రూప్స్."

స్టాగ్ అంటే మగ దుప్పి. నలభై ఏడేళ్ళు, ముగ్గురికి షుగరు, ఇద్దరికి బీపీ, ఒకడికి మోకాలి చిప్ప ఆపరేషన్, మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకునే ఆరుగుర్ని చూసి దుప్పులన్నాడంటే అది నిజానికి కాంప్లిమెంటే, కానీ ఆ క్షణంలో మాకలా అనిపించలేదు. బ్యాంకు మేనేజరు ఆధార్ తీసి చూపించాడు. "పుట్టిన సంవత్సరం చూడు బాబూ, 1979. తొంభైలు అంటే మావే. మమ్మల్నే ఆపుతావా?" బౌన్సర్ చాలా మర్యాదగా కార్డు చూసి "ఇరవై ఒకటి దాటాయి సర్, ఏజ్ ఓకే. లేడీసే లేరు" అన్నాడు.

చరిత్ర తెలిసినోడు ఎవడైనా చెప్తాడు, తొంభైల్లో మేం ఎక్కడికెళ్ళినా స్టాగ్‌లమే. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివాం, అమ్మాయిల బిల్డింగ్ వేరు, మెస్ వేరు, వాళ్ళ బస్సు మా బస్సు వెళ్ళిపోయాక పావుగంటకి బయల్దేరేది. సినిమాకెళ్తే స్టాగ్‌లం, నిమజ్జనంలో లారీ ముందు ఎగిరితే స్టాగ్‌లం, ఒక్కడి దగ్గరైనా ఒక్క అమ్మాయి అడ్రస్ ఉందంటే ఆ హాస్టల్‌కి వాడే హీరో. అంటే ఆ గేటు దగ్గర లేడీస్ లేకుండా, చెమటలు పట్టి, ఎవరైనా లోపలికి రానిస్తారేమో అని నిలబడ్డ మేం ఆరుగురం ఆ రాత్రి ఆ బిల్డింగ్‌లో అన్నిటికంటే అథెంటిక్ నైంటీస్ ఐటెం. దాన్నే బయట పెట్టారు.

ఇంతలో ఒక క్యాబ్‌లోంచి నలుగురు, వెనక ఇంకో క్యాబ్‌లోంచి ముగ్గురు, మొత్తం ఏడుగురు అమ్మాయిలు దిగారు. మధ్యలో అమ్మాయికి అడ్డంగా 'బ్రైడ్ టు బీ' అని గులాబీ రంగు పట్టీ, తల మీద లైట్లు వెలిగే కిరీటం, అందరికీ చుక్కల డ్రెస్సులు, ఒకమ్మాయికి బెల్‌బాటమ్. బెల్‌బాటమ్ డెబ్భైలది తల్లీ, మా నాన్న పెళ్ళి ఫొటోలో ఉంటుంది అని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే ఆ అమ్మాయే బౌన్సర్‌తో "అంకుల్ వాళ్ళు మాతోనే" అనేసింది. బౌన్సర్ నమ్మలేదు కానీ లెక్క కుదిరింది, ఏడుకి ఆరు. మనిషికి రెండున్నర వేలు కవర్ ఛార్జి కట్టి, చేతికి స్టాంపు వేయించుకుని, మా దశాబ్దంలోకి మేం వీసా మీద ప్రవేశించాం.

లోపల ఏం పెట్టారో చెప్తా. గోడంతా కాసెట్లు అతికించారు. అవి కొత్తవి, ఖాళీవి. కాసెట్ అంటే ఏంటి, రికార్డింగ్ షాపువాడికి తెల్లకాయితం మీద పాటల లిస్టు రాసిచ్చి, వారం తిరిగి, తీరా తెచ్చుకుంటే మొదటి సైడు ఆఖరి పాట సగంలో కట్ అయిపోవాలి, ఆ లేబుల్ మీద మనవాడి చేతిరాత ఉండాలి, అందులో ఒక తప్పుండాలి. ఫిలిప్స్ వాడు 1963లో దీన్ని కనిపెట్టినప్పుడు గోడకి వాల్‌పేపర్ అవుతుందని కలలో కూడా అనుకుని ఉండడు.

మెనూ ఇన్లాండ్ లెటర్ మీద ప్రింట్ చేశారు, నీలం కాయితం, మూడు మడతలు, ఇది మాత్రం బావుంది, ఒప్పుకోవాలి. మరమరాల మిక్చర్ స్టీలు గిన్నెలో మూడు వందల తొంభై ఐదు. కాక్‌టెయిల్స్ పేర్లు చూడండి, ఎస్టీడీ బూత్, చిత్రలహరి, కరెంట్ కట్. శుక్రవారం సాయంత్రం ఊరంతా ఒక టీవీ ముందు చాప పరుచుకుని చూసిన ప్రోగ్రాం ఇప్పుడు ఏడువందల యాభై ప్లస్ టాక్స్, పైన పుదీనా ఆకు.

ఒక మూల బజాజ్ చేతక్ స్కూటర్. ముందు సగం గోడలోకి, వెనక సగం సీటు, ఎక్కి ఫొటో తీసుకోడానికి. మా బ్యాంకు మేనేజరు దాన్ని చూడగానే మనిషి మారిపోయాడు. వాళ్ళ నాన్నకి ఇదే రంగు స్కూటర్ ఉండేది. నెమ్మదిగా దగ్గరికెళ్ళి, హ్యాండిల్ లేదు కాబట్టి సీటు పట్టుకుని, ఒళ్ళు బిగపట్టి తన వైపుకి వంచబోయాడు. చేతక్ ఉన్నోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, పొద్దున్నే అది స్టార్ట్ కాకపోతే పక్కకి వంచి ఓ నిమిషం ఉంచి, నిలబెట్టి, అప్పుడు కిక్ కొట్టాలి, ఇది ఏ మెకానిక్కూ నేర్పడు, నాన్నల దగ్గర్నుంచి వచ్చే విద్య. గోడలో బోల్టులు కిర్రుమన్నాయి. బౌన్సర్ పరిగెత్తుకొచ్చి "సర్, సర్, ప్రాప్ అది" అన్నాడు. వీడు "స్టార్ట్ అవ్వట్లేదేమో అని" అన్నాడు, తల దించుకుని.

ఇప్పుడు అసలు పాయింటుకొస్తా. మాకు తొంభైల పేరు మీద మందు పోశారు. ఇది క్షమించరాని చారిత్రక తప్పిదం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించింది 1992 ప్రాంతంలో, ఆ దెబ్బకి రాష్ట్రమంతా ఉద్యమం లేచి 1993లో సారా పోయింది, 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం, మళ్ళీ 1997లో చంద్రబాబు గారు ఎత్తేసేదాకా. అంటే తొంభైల నడి మధ్యలో, సరిగ్గా వీళ్ళు పాటలేస్తున్న ఆ సంవత్సరాల్లో, ఈ బిల్డింగ్‌లో ఈ పని చేస్తే పోలీసులొచ్చి అందర్నీ వ్యాన్ ఎక్కించేవాళ్ళు. నిజాయితీగా నైంటీస్ నైట్ పెట్టేవాడు గోలీసోడా ఇవ్వాలి, లేదా గోల్డ్‌స్పాట్ ఇవ్వాలి, అదేమో 1993లో కోకాకోలా కొనేసి తర్వాత కనపడకుండా చేసింది, కాబట్టి గోలీసోడానే.

ఈ సంగతి పబ్ మేనేజర్‌తో చెప్పాను. పాతికేళ్ళుంటాయి, చెవికి రింగు. చాలా శ్రద్ధగా విని "అయితే సర్, రిపీట్ చేయమంటారా?" అని అడిగాడు.

మా కాకినాడోడు మాత్రం చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాడి నాన్న ఆ రెండేళ్ళూ ప్రతి ఆదివారం బస్సెక్కి యానాం వెళ్ళేవారట, అది పుదుచ్చేరి కింద కాబట్టి మన నిషేధం అక్కడ లేదు. పొద్దున్నే తెల్ల పంచె కట్టుకుని "పనుంది" అని వెళ్ళేవారు, సాయంత్రం బస్సులో కిటికీ పక్కన తల వాల్చి వచ్చేవారు, వాళ్ళమ్మ ఏం అడిగేది కాదు, గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి లోపలికెళ్ళిపోయేది. ఇదంతా చెప్తుంటే పెళ్ళికూతురి గ్యాంగ్‌లో ఒకమ్మాయి వచ్చి కూర్చుని "అంకుల్, నైంటీస్‌లో మీవాళ్ళంతా ఏ పబ్‌కి వెళ్ళేవారు?" అంది. వీడు సీరియస్‌గా "యానాం" అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్‌లో వెతికి, "వైబ్ బావుంది అంకుల్, గోదావరి పక్కనే ఉంది, శనివారం ఓపెనా?" అంది.

డీజే ఎక్కాడు. "నైంటీస్ కిడ్స్ ఎక్కడున్నారు?" అని అరిచాడు. 1998లో, 99లో పుట్టినోళ్ళంతా చేతులెత్తి హాలు దద్దరిల్లేలా అరిచారు. మేం ఎత్తలేదు. కిడ్స్ వేరు, క్యాండిడేట్స్ వేరు. వాళ్ళు తొంభైల్లో పుట్టారు, మేం తొంభైల్లో ఎంసెట్ రాశాం. ర్యాంకు రానోళ్ళకి నోస్టాల్జియా ఎక్కడినుంచొస్తుంది?

పైగా ఒక్క పాట పూర్తిగా వెయ్యడు. పల్లవి ముప్ఫై సెకన్లు, కింద డమడమ బీటు, జనం గొంతు కలిపేలోపు ఇంకో పాట. ఒక పాట రేడియోలో మళ్ళీ ఎప్పుడొస్తుందో అని వారం రోజులు ఎదురుచూసి, వచ్చాక ఎవరూ మాట్లాడకండని ఇంట్లో అందర్నీ తిట్టి, రెండో చరణంలో వచ్చే ఫ్లూట్ ముక్క కోసం చెవి ఒగ్గినోళ్ళం మేం. ఇక్కడ చరణమే లేదు. అయినా డాన్స్ చేశాం, అబద్ధం ఎందుకు. మోకాలి ఆపరేషన్ వాడు కుర్చీలో కూర్చుని నడుం పైభాగంతో బ్రేక్ డాన్స్ చేశాడు, అమ్మాయిలు చుట్టూ మూగి వీడియో తీశారు, ఇప్పుడా వీడియో వాడి కూతురి దాకా వెళ్ళిందట, అది వేరే కథ.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం ఏంటంటే, రెట్రో నైట్ లైసెన్సు ఎక్సైజ్ శాఖ నుంచి తీసేసి పురావస్తు శాఖకి అప్పగించాలి. నైంటీస్ అని బోర్డు పెట్టినోడు టాయిలెట్ పక్కన ఒక నిజమైన ఎస్టీడీ బూత్ పెట్టి, పావు రేటు కోసం రాత్రి పదకొండు దాకా జనాన్ని లైన్లో నిలబెట్టాలి, లోపలున్నోడు ఎంత గుసగుసగా మాట్లాడినా బయట అందరికీ వినపడాలి. గ్యాస్ బండ బుక్ చేసి నెలయిందని ఒకాయన టేబుల్ టేబుల్‌కీ తిరిగి చెప్పాలి. డీజే మధ్యలో ఆపి అంతరాయానికి చింతిస్తున్నాం అని ఒక అట్ట పెట్టి అరగంట మాయమవ్వాలి. కపుల్ ఎంట్రీ అంటారా, అది పూర్తిగా రద్దు, అమ్మాయిలు ఒక వైపు, అబ్బాయిలు ఒక వైపు, మధ్యలో తాడు, తాడు దగ్గర స్టీలు స్కేలు పట్టుకుని వార్డెన్. ఇన్ని కష్టాలూ పడి కూడా ఎవడైనా నాకు ఆ రోజులే కావాలి అంటే అప్పుడు వాడికి ఓ గ్లాసు పొయ్యండి, నేనే డబ్బులు కడతా.

సరిగ్గా పన్నెండు నలభైకి కరెంటు పోయింది. నిజంగానే పోయింది. పిల్లలందరూ ఒక్కసారి కంగారుపడి ఫోన్ లైట్లు వేశారు. మా ఆరుగురికీ మాత్రం ఎక్కడినుంచొచ్చిందో తెలీదు, చీకట్లో ఒకడి చెయ్యి ఒకడికి తగిలి చిన్నప్పుడు వీధి అరుగు మీద కూర్చున్నట్టే అయిపోయింది, అమెరికా వాడు ఎవరి వీపు మీదో చరిచాడు. పది సెకన్లకి జనరేటర్ అందుకుంది. లైట్లు వెలగ్గానే ఆరు గొంతులు కలిసి "వచ్చిందీ..." అని కేక పెట్టాం. హాలంతా మా వైపు తిరిగింది. ఆ కేక ఏంటో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

బిల్లు వచ్చింది. కవర్ ఛార్జి పోను ఇంకో పద్దెనిమిది వేల చిల్లర, సర్వీస్ ఛార్జి పది శాతం. కరెంటు పోయినదానికి మాత్రం ఏమీ వెయ్యలేదు. రాత్రి మొత్తానికి ఒరిజినల్ ఐటెం అదొక్కటే, దాన్ని ఫ్రీగా ఇచ్చేశారు, వ్యాపారం తెలీదు వీళ్ళకి.

బయటికొస్తే క్యాబ్ ఇరవై నిమిషాలు అంది. పెళ్ళికూతురు కిరీటం తీసి చేత్తో పట్టుకుని ఫుట్‌పాత్ మీద చెప్పుల్లేకుండా కూర్చుంది, "థాంక్యూ అంకుల్, పెళ్ళికి రావాలి" అని లొకేషన్ పంపిస్తానంది. రోడ్డు అవతల ఫ్లాస్కులో టీ అమ్మేవాడు సామాను సర్దుకుంటున్నాడు. ఫ్లాస్కు, కప్పుల సంచి, బిస్కెట్ల డబ్బా, అన్నీ ఒక పాత చేతక్‌కి కట్టాడు. కిక్ కొట్టాడు, అవ్వలేదు. ఇంకోటి కొట్టాడు, అవ్వలేదు. మా బ్యాంకు మేనేజరు రోడ్డు దాటేశాడు, మేం పిలుస్తున్నా వినట్లేదు. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. ఫ్లాస్కు దించారు, చెరో వైపు పట్టుకుని స్కూటర్‌ని నెమ్మదిగా పక్కకి వంచారు, కాసేపు అలాగే ఉంచారు, మళ్ళీ నిలబెట్టారు. మూడో కిక్‌కి అందుకుంది.