మా అమ్మకు లడ్డూ చేయడం నేర్పిస్తారా?

ఇప్పుడే అమ్మను కింది నుంచి పైకి తీసుకొచ్చా. కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. బతుకమ్మ వస్తోంది కదా అని మా అపార్ట్‌మెంట్‌లో "పెద్దవాళ్లతో హెల్దీ పండుగ వంటలు" అని ఒక కార్యక్రమం పెట్టారు. పేరుకు పెద్దవాళ్లతో. వాళ్లనేమో వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు, చేసిందంతా బయటి నుంచి వచ్చిన పిల్లలే. అమ్మ లేచి పిండి గిన్నె ముట్టుకోబోతే "మీరు కూసోండమ్మా, మేం చేసి పెడ్తం" అని గిన్నె పక్కకు జరిపేశారు. హన్మకొండ పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మ ఆడి పెరిగిన మనిషి ఆమె. నైవేద్యం పెట్టని ఆరో రోజు, అలిగిన బతుకమ్మ, తప్పిస్తే మిగతా ఎనిమిది రోజుల నైవేద్యం మా ఇంట్లో ఎప్పుడూ ఆమె చేతి మీదే.

చివరికి ఓట్స్, ఖర్జూరం, బాదం లడ్డూలు తలా ఒకటి చేతిలో పెట్టి ఫోటోలు తీసుకున్నారు. రాయిలా ఉన్నాయి. కట్టుడు పళ్లతో బాదం పలుకులు ఎట్లా నములుతారు? పైగా "చక్కెర వేయలేదు, షుగర్ ఉన్నవాళ్లు ఎన్నయినా తినొచ్చు" అని మైకులో చెప్పారు. ఖర్జూరమైనా బెల్లమైనా షుగర్ పెంచుతాయండీ! అది మా అమ్మకు తెలుసు. అందుకే సజ్జ రొట్టె, బెల్లం నలిపి చేసే మలీదలో తన వాటాకు బెల్లం తగ్గించి నువ్వుల పొడి ఎక్కువ కలుపుకుంటుంది, నిమ్మకాయంత ముద్ద తిని ఆపేస్తుంది.

మలీద చేసేటప్పుడు ఆమె చేతులు చూడాలి. సజ్జ రొట్టె పెనం మీంచి దిగగానే, ఆవిరి పోకముందే తుంచి, తురిమిన బెల్లం వేసి నలుపుతుంది. రొట్టె చల్లారితే బెల్లం పట్టదు, పొడిపొడిగా రాలిపోతుంది. నెయ్యి ఎప్పుడు వేయాలో ఆమె వేళ్లకే తెలుసు. ఆ వేళ్లు వంకర పోయాయి, గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి, ముద్ద కట్టేటప్పుడు మాత్రం వణకవు. పళ్లు లేనివాళ్లు కూడా తినేంత మెత్తగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది పాత కోపమే. నాకు సంబంధాలు చూసే రోజుల్లో ఒకళ్లు మా వంటింట్లో జొన్న రవ్వతో వండిన గట్క చూసి "ఇంకా ఇవే తింటున్నరా" అని నవ్వారు. అమ్మ ఏమీ అనకుండా గిన్నె మీద మూత పెట్టేసింది. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే జొన్నలు, అవే సజ్జలు రంగు ప్యాకెట్లలోకి ఎక్కాయి. ఇప్పుడు వాటి గొప్పతనం గురించి మా అమ్మకే క్లాసు! ఆ రోజు నవ్వినవాళ్లలో ఒక్కరైనా వచ్చి తప్పయిందమ్మా అన్నారా?

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మా ఫ్లాట్‌లో మలీద చేస్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు, బల్ల మీద పెద్ద తాంబాళం పెడితే చాలు. రొట్టెలు నేను కాలుస్తా. కమిటీ వాళ్లూ రండి. ఫోన్లు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని రండి. ఎంత నలపాలో ఆమే చెప్తుంది.