చార్ల్‌స్టన్‌లో ఇల్లు కొనేవాళ్లు ముందు మెరక చూడాలి

సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ చుట్టుపక్కల ఇల్లెక్కడ కొనాలని అడిగితే వచ్చే జవాబులు తెలిసినవే. పిల్లల చదువుకైతే మౌంట్ ప్లెజెంట్, బడ్జెట్ చాలకపోతే సమ్మర్‌విల్, కొత్త ఇల్లే కావాలంటే జాన్స్ ఐలాండ్. స్కూలు రేటింగ్, బోయింగ్, వోల్వో ఫ్యాక్టరీలకు పట్టే ప్రయాణం, క్లబ్‌హౌస్ చూసుకుని అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు. నేల ఎంత ఎత్తులో ఉందో అడిగేవాళ్లు తక్కువ. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

పాత నగరంలో చాలా వీధులు ఒకప్పటి వాగులు, బురదనేలలు పూడ్చి వేసినవి. ఇప్పుడు నీళ్లు నిలిచేదీ ఎక్కువగా అక్కడే. హార్బర్‌లో పోటు 7 అడుగులు తాకితే చాలు, లోతట్టు వీధుల్లోకి ఉప్పునీరు వస్తుంది. 2019లో అలా 89 సార్లు వచ్చింది. చినుకు పడకపోయినా వస్తుంది. ఇది అందరికీ తెలుసు కాబట్టే శివార్లు సురక్షితమని నమ్ముతారు.

ఆ నమ్మకమే ముంచుతోంది. జాన్స్ ఐలాండ్‌లో, వెస్ట్ యాష్లీ బయటి భాగంలో భూగర్భజలం చేతికందేంత పైన ఉంటుంది. చాలా కాలనీల్లో బిల్డర్ ముందు చెరువు తవ్వాడు, పల్లపు ప్లాట్ల మీద మట్టి తోలి ఎత్తు చేశాడు, దానిపై నేరుగా కాంక్రీటు స్లాబ్ పోశాడు. కాగితం మీద ఇల్లు ప్రభుత్వం లెక్కగట్టిన వరదమట్టానికి పైనే ఉంటుంది. కానీ ఆ పల్లంలో ఇంకిపోయే నీళ్లు పక్కనున్న పాత ఇళ్ల మీద పడతాయి. చెరువు నుంచి వాగులోకి వెళ్లే పైపు మూతి పోటు వేళ మునిగిపోతుంది. అదే గంటలో గట్టి వాన పడితే చెరువు ఖాళీ కాదు, రోడ్డే కాలువవుతుంది. ఇంట్లో తడి లేకపోయినా కారు మునుగుతుంది, అంబులెన్స్ రాలేదు. లోతట్టు నేలల్లో మట్టి తోలి కట్టడం ఆపమని 2019లో డచ్ నిపుణులతో కలిసి చేసిన అధ్యయనం చెప్పింది. వెస్ట్ యాష్లీలోని బ్రిడ్జ్ పాయింట్‌ టౌన్‌హౌస్‌లు 2015, 2016, 2017 మూడేళ్లూ మునిగాయి. చివరికి ప్రభుత్వ నిధులతో కొని పడగొట్టేశారు.

కొత్త ఇళ్లు కట్టుదిట్టమైన నిబంధనలతో కడుతున్నారని, పైగా బీమా ఉందని కొందరంటారు. నిబంధన కాపాడేది ఇంటి గచ్చునే, వీధిని కాదు. మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు. ప్రభుత్వ వరద బీమా కట్టడానికి ఇచ్చేది గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000. లోన్‌తో ముడిపడితే తప్ప సాధారణంగా అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. తుపాను పేరు టీవీలో విన్నాక కొంటే లాభం లేదు.

అందుకే ఆఫర్ పెట్టకముందే ఎలివేషన్ సర్టిఫికెట్, అంటే ఇంటి ఎత్తు కొలిచి ఇచ్చే కాగితం, అడగండి. అందులో వరదమట్టానికీ కింది గచ్చుకూ మధ్య తేడా చూడండి, ఏసీ యూనిట్ ఎత్తూ చూడండి. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా వరద మ్యాపులో ‘ఎక్స్’ జోన్ అని ఉంటే బీమా తప్పనిసరి కాకపోవచ్చు, అంతే. నీళ్లు రావని అర్థం కాదు. వరద జోన్‌లో క్రాల్‌స్పేస్ (గచ్చు కింద ఖాళీ) ఉన్న ఇల్లయితే, కింది గోడల్లో వరదనీరు లోపలికీ బయటికీ పారేందుకు ఉంచే వెంట్లు లెక్కపెట్టండి: మామూలు వెంట్లయితే ప్రతి చదరపు అడుగు వైశాల్యానికి ఒక చదరపు అంగుళం తెరుపుండాలి, వెంట్ అడుగుభాగం నేల నుంచి అడుగు ఎత్తు దాటకూడదు. కొన్ని ఇళ్లలో వాటికి మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) అడ్డుగా పోసేసి ఉంటుంది. అప్పుడు బయటి నీటి ఒత్తిడికి గోడ లోపలికి కుంగొచ్చు. అమావాస్య, పౌర్ణమి పోటు వేళ ఒకసారి వెళ్లి చెరువు పైపు మూతి కనిపిస్తోందో లేదో చూడండి. ఆ చెరువు పూడిక తీయాల్సింది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అయితే, అందుకు దాచిన డబ్బెంతో లెక్క అడగండి.

నా ఓటు సమ్మర్‌విల్ పాతభాగానికి. సముద్రమట్టానికి దాదాపు 70 అడుగుల ఎత్తు. సామిల్ బ్రాంచ్ కాలువ పక్క వీధులు మాత్రం వద్దు. ఐ-26 హైవే మీద ట్రాఫిక్ విసిగిస్తుంది, 1886 భూకంప కేంద్రం ఆ పరిసరాల్లోనే. అయినా రోజూ అరగంట ఎక్కువ ప్రయాణం ఏడాదికోసారి ఇల్లు ఆరబెట్టుకోవడం కన్నా నయం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మన దగ్గర స్థలం కొనేటప్పుడు ఈసీ తీస్తాం. అందులో రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు కనిపిస్తాయి. ఆ స్థలంలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఎక్కడా ఉండదు. అమెరికాలో వరదమట్టంతో పోలిస్తే ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెప్పే సర్టిఫికెట్ అయినా ఉంది, అడగకపోవడం కొనేవాడి పొరపాటు. ఇక్కడ అడుగుదామన్నా కాగితమే లేదు. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలు ప్రతి సర్వే నంబరుకూ వరదమట్టం నమోదు చేసి, దస్తావేజు మొదటి పేజీలోనే అచ్చేయాలి.