అయిపోయిన కార్టూన్‌కు టీవీలో ఉన్న విలువ ఓటీటీలో ఎందుకు లేదు?

అమెరికాలో ‘జాకీ చాన్ అడ్వెంచర్స్’ కార్టూన్ 95 ఎపిసోడ్లు నడిచి 2005లో ఆగిపోయింది. సన్ నెట్‌వర్క్ వాళ్లు తెలుగు పిల్లల కోసం ఖుషీ టీవీ పెట్టింది 2009లో. అంటే అనంతపురంలో స్కూలు నుంచి వచ్చి, బ్యాగు ఓ మూలకు విసిరేసి పిల్లలు ఆ చానెల్లో జాకీ చాన్‌ను చూసేనాటికే ఆ కథ ముగిసి నాలుగేళ్లు. ఆ సంగతి వాళ్లకు తెలియదు, తెలిసినా పట్టించుకునేవాళ్లు కాదు. నిన్నటి ఎపిసోడే మళ్లీ వేసినా, సగంలో పెట్టినా కదలకుండా చూసేవాళ్లు. టీవీలో ఏ కార్టూనూ అయిపోయేది కాదు.

దీని వెనుక గట్టి వ్యాపార లెక్క ఉంది. 1980లలో అమెరికా కార్టూన్లు ఎన్నో 65 ఎపిసోడ్ల చొప్పున తయారయ్యేవి. వారానికి ఐదు రోజులు, 13 వారాలు. చేతిలో 65 ఉంటే ఊరూరి చానెళ్లకు అమ్ముకోవచ్చు. మూడు నెలలు తిప్పాక మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు. 1987లో మొదలైన ‘డక్‌టేల్స్’ తొలి సీజన్‌కే 65 పూర్తిచేసింది అందుకే. నాలుగైదేళ్లు తిరిగేసరికి చూసే పిల్లలు మారిపోతారు, వచ్చినవాళ్లకు పాతదంతా కొత్తదే. ఒకసారి ఖర్చు పెట్టి తీసిన బొమ్మ ఏళ్ల తరబడి డబ్బులు తెచ్చిపెట్టేది.

ఓటీటీలో ఈ లెక్క తిరగబడింది. చందా కట్టించేది ఎక్కువగా కొత్త సరుకు. పాత కార్టూన్ ఓ మూల పడి ఉంటే కొత్తగా ఎవరూ చేరరనుకున్నప్పుడు, కంపెనీ కంటికి అది ఖర్చులాగే కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో విలీనంతో ఏర్పడిన వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ, ఖర్చులు తగ్గించుకునే పనిలో పడి, ఆగస్టుకల్లా ‘ఇన్ఫినిటీ ట్రెయిన్’తో పాటు ఎన్నో షోలను తన ఓటీటీ హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచి తీసేసింది. 2025 మార్చిలో ‘లూనీ ట్యూన్స్’ పాత చిత్రాల వంతు వచ్చింది. బగ్స్ బన్నీ అంతటివాడికే దిక్కు లేకపోయింది! కొన్ని నెలలకు అవి ట్యూబీ అనే ఉచిత సర్వీసులో తేలాయి. అక్కడ యాడ్లు చూపించి పాత బొమ్మలు వేస్తారు. టీవీ ఇన్నాళ్లూ చేసింది ఇదే కదా.

అలాగని ఓటీటీని తిట్టిపోయలేం. ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ 2008లో ముగిసిన కార్టూన్. మొత్తం 61 ఎపిసోడ్లు, వరుసగా చూస్తేనే రుచి. అమెరికాలో 2020 మేలో నెట్‌ఫ్లిక్స్‌లోకి రాగానే కొత్త తరం దానికి అతుక్కుపోయింది. మరుసటి ఏడాది, దాన్ని మొదట వేసిన నికెలోడియన్ చానెల్ ఆ కథల కోసమే అవతార్ స్టూడియోస్ పెట్టింది. టీవీ ఇష్టమొచ్చిన చోట ముక్కలు చేసి వేసే కథకు ఓటీటీలో మొదలూ తుదీ దొరికాయి. నష్టమంతా వరుసతో పనిలేని కార్టూన్లకు, అవి అనుకోకుండా దొరికే పిల్లలకు.

అనంతపురం పాతూరులో ఏ సెలూన్‌కైనా ఆదివారం వెళ్లి చూడండి. ఒకప్పుడు పిల్లాడు కుదురుగా కూర్చోవాలంటే మూలనున్న టీవీలో ‘టామ్ అండ్ జెర్రీ’ పెట్టేవాళ్లు. పిల్లాడు తలెత్తి చూస్తుంటే కత్తెర తన పని చేసుకుపోయేది. తమ వంతు కోసం కూర్చున్న పెద్దవాళ్లూ పేపరు మడిచి నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు మెడకు చుట్టిన గుడ్డ కింద అమ్మ ఫోన్. పిల్లాడి గడ్డం ఎదకు ఆనుకుని ఉంటుంది. “రవ్వంత తల పైకెత్తప్పా” అని పదిసార్లు బతిమాలాలి. ఆ ఫోన్‌లో ఏముందో పక్క కుర్చీలో ఉన్నవాడికి తెలియదు. నిన్న చూసినదాన్ని బట్టి యూట్యూబ్ ఈరోజు వరసపెట్టి ఇచ్చే వీడియోలవి. 1940 నాటి పిల్లీ ఎలకా ఆ వరసలోకి రావాలంటే ఎవరో ఒకరు పేరు తెలిసి వెతకాలి.

వెతికితే దొరుకుతుందా అంటే, మా జిల్లా పిల్లాడికి ఇంకో చిక్కు ఉంది. టీవీ పాత బొమ్మను తెలుగులో తెచ్చింది. ఆ డబ్బింగ్‌ను చేయించుకున్నది చానెలే. షో హక్కులు చేతులు మారినప్పుడు తెలుగు ఆడియో కూడా వెంట రావాలన్న నియమం లేదు. అందుకే ఓటీటీలో చాలా పాత కార్టూన్లు తెరిస్తే ఇంగ్లీష్, హిందీ కనిపిస్తాయి, తెలుగు ఉండదు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి వైరును పల్లెల దాకా తీసుకెళ్లాయి. ఆ వైరులో వచ్చే కార్టూన్ ఏ భాషలో మాట్లాడుతుందో ఎక్కడో కూర్చున్న కంపెనీ తేలుస్తుంది.

నా దృష్టిలో ఇది తేలిగ్గా తీరే సమస్యే. మళ్లీ డబ్బింగ్ చేయించడంతో పోలిస్తే, చానెళ్ల దగ్గరున్న పాత ఆడియోకు హక్కులు కొనుక్కుని జత చేయడానికి పెద్దగా ఖర్చు కాదు. గిరాకీ లేదనడానికీ లేదు. 2009లో ఆ బొమ్మలు చూసిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. మా జిల్లా నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు వాళ్లలో బోలెడుమంది, ఓటీటీ చందాలు కడుతున్నది కూడా వాళ్లే.