సెన్సర్ అడ్రసు పుట్టుమచ్చ కాకూడదు

127 బైట్లు. తక్కువ కరెంటుతో నడిచే సెన్సర్లు ఎక్కువగా వాడే 802.15.4 అనే రేడియో ప్రమాణంలో ఒక ఫ్రేముకు, అంటే ఒక్కసారి పంపే సమాచారపు మూటకు, మొదటినుంచీ ఉన్న చోటు అంతే. పక్క పరికరానికి చేర్చే వివరాలుండే లింక్ హెడర్‌కు 25 వరకు, భద్రతకు 21 పోతే 81 మిగులుతాయి. ఇంటర్నెట్ అడ్రసులుండే ఐపీవీ6 హెడర్ 40 తింటుంది, ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే యూడీపీ హెడర్ ఇంకో 8. పొలంలో తేమ ఎంతుందో చెప్పడానికి చివరికి దక్కేది 33 బైట్లు.

ఆ 40లో 32 బైట్లు పంపేవారి, అందుకునేవారి అడ్రసులు రెండింటికే పోతాయి. అందుకే ఇలాంటి చిన్న రేడియోల మీద ఐపీవీ6 నడపడానికి 2007లో వచ్చిన సిక్స్‌లోపాన్ ప్రమాణం ఒక తెలివైన దారి పట్టింది. రేడియో చిప్‌కు ఫ్యాక్టరీలో వేసే 64 బిట్ల నంబరులో ఒక్క బిట్ తిప్పి, దాన్నే ఐపీ అడ్రసు రెండో సగంగా వాడుకోవచ్చంది. ఆ నంబరు లింక్ హెడర్‌లో ఎలాగూ ఉంటుంది, ఐపీ హెడర్‌లో మళ్లీ రాయక్కర్లేదు. 2011లో వచ్చిన సవరణతో, ఒకే లింక్ లోపలైతే 40 బైట్ల హెడర్ 2 బైట్లకు దిగిపోతుంది. ఒకే బ్యాటరీతో ఏళ్లు గడపాల్సిన పరికరానికి ఇది ప్రాణం పోసినట్టే.

నా అభ్యంతరం ఇంజినీర్ల పొదుపు మీద కాదు, ఆ నంబరు మీద. పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసిన పుట్టుమచ్చలాగా అది జీవితాంతం మారదు. మొదటి భాగం చూస్తే తయారీ కంపెనీ తెలిసిపోతుంది. ఒంటికి పెట్టుకున్న గుండె సెన్సర్ ఇంటి నెట్‌వర్క్ నుంచి ఆసుపత్రి నెట్‌వర్క్‌కు మారినా అడ్రసులో ఆ సగం అదే. అంటే మనిషి ఎక్కడికి వెళ్లాడో కూడా దొరికిపోతుంది.

అలాగని అడ్రసును ఊరికే యాదృచ్ఛికంగా పెట్టేస్తే, లింక్ హెడర్‌లోని నంబరుతో పోలిక పోయి, అడ్రసుకు 8 బైట్లు మళ్లీ మోయాలి. 16 బిట్ల పొట్టి అడ్రసు పొదుపైనదే, కానీ ఉన్నవే 65,536. వరసగా ప్రయత్నిస్తే బయటివాడికి చిక్కుతుంది. నాకు సరైనదనిపించేది మూలాన్నే మార్చడం: నెట్‌వర్క్‌లో చేరిన ప్రతిసారీ లింక్ అడ్రసునే కొత్తగా తయారుచేసుకుని, ఐపీ అడ్రసును దాన్నుంచి తీయడం. పొదుపూ పోదు, గుర్తూ మిగలదు. అడ్రసు ఇంకొకరికి లేదని సరిచూసుకునే పని కొంత పెరుగుతుంది, నిజమే. కానీ అది చేరేటప్పుడు పడే ఖర్చు, ప్రతి ప్యాకెట్‌కూ పడేది కాదు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో నడిచే వై-సన్ అనే సెన్సర్ల వైర్‌లెస్ నెట్‌వర్క్ కూడా ఈ సిక్స్‌లోపాన్ పునాది మీదదే. రేపు ఇలాంటివి మన వీధి దీపాలకు, ఇంటి మీటర్లకు వస్తాయి. టెండరు పత్రంలో బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని అడిగే చోటే, అడ్రసు దేన్నుంచి పుడుతుందో, ఎప్పుడు మారుతుందో కూడా అడగాలి. మీటర్లు గోడలకు బిగించాక అడిగితే వాటిని మార్చేవాళ్లుండరు.